సెలవులయ్యాక ఎందరు తిరిగొచ్చారు? సీతంపేట కొండల్లో ఆడపిల్లల బడి నేర్పిన పాఠాలు

బడికి వార్షికోత్సవం వస్తే సావనీరు వేస్తారు. అందులో ‘చరిత్ర, విజయాలు’ అని ఒక వ్యాసం ఉండి తీరాలి. శంకుస్థాపన ఎవరు చేశారు, ఏ ఏడాది ఎంత శాతం పాసు, ఖోఖోలో ఎన్ని కప్పులు. రిటైరై ఖాళీగా ఉన్నామని ఆ వ్యాసం మాబోటివాళ్ల నెత్తిన పడుతుంది. సీతంపేట ఏజెన్సీలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలల్లో టీచరుగా, వార్డెనుగా, హెచ్‌ఎంగా ఉద్యోగమంతా గడిపినదాన్ని. పుట్టడమూ ఈ కొండల్లో జాతాపు గిరిజనుల ఇంట్లోనే. ఈసారి సావనీరు వ్యాసం బదులు, కొత్తగా హెచ్‌ఎం కుర్చీలో కూర్చోబోయే అమ్మాయిలకి నాకు తెలిసిన నాలుగు ముక్కలు అంకెలేసి రాస్తున్నాను. వరసకి అర్థమేమీ లేదు. గుర్తొచ్చినట్టు రాశాను.

1. బడి చరిత్ర బీరువాలో ఉంటుంది

గుడ్డ అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు ఒకటి హెచ్‌ఎం గది బీరువాలో ఉంటుంది. అడ్మిషన్ల రిజిస్టరు. చార్జి తీసుకున్న రోజున మంచాలూ గిన్నెలూ లెక్కపెట్టించుకునే హడావుడిలో దాని జోలికి ఎవరూ పోరు. మీరు ముందు దాన్నే తెరవండి. ఎడమ పేజీలో పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, తెగ, పుట్టిన తేదీ, చేరిన తేదీ. ఇంటిపేర్లు చదువుతూ పోతే మన కొండలన్నీ కళ్ల ముందు తిరుగుతాయి: ఆరిక, బిడ్డిక, నిమ్మక, పత్తిక, మండంగి, సవర. కుడి పేజీ చివర రెండు గళ్లు: బడి వదిలిన తేదీ, కారణం. పాత సిరాలో, కొత్త బాల్‌పెన్నులో, రకరకాల దస్తూరీల్లో ఆ ఆఖరి గడిలో ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: ‘దీర్ఘకాలిక గైర్హాజరు’. అక్కడక్కడ ‘తల్లిదండ్రుల కోరికపై’. ‘పెళ్లి’ అని రాసిన గడి నాకు ఎక్కడా కనబడలేదు. రాస్తే రాసినవాళ్లు జవాబు చెప్పుకోవాలి మరి.

పాసు శాతం సంగతి మనకు తెలియనిది కాదు. పరీక్షకి కూర్చున్నవాళ్లలో ఎందరు గట్టెక్కారన్నదే ఆ లెక్క. ఆరులో చేరిన పిల్లల్లో పదిదాకా ఎందరు మిగిలారన్నది అందులోకి రాదు. సగం మంది మధ్యలోనే జారిపోయినా, మిగతావాళ్లంతా పాసైతే నూటికి నూరని ఫ్లెక్సీ కట్టుకోవచ్చు. అందుకే ఆడపిల్లల బడికి నేను ఒకటే కొలత పెట్టుకున్నాను. దసరాకి, సంక్రాంతికి, వేసవికి ఇళ్లకెళ్లిన పిల్లల్లో ఎందరు తిరిగొచ్చారు?

2. పుట్టిన తేదీ దగ్గర తొందరపడొద్దు

అదే రిజిస్టరులో ఇంకో వింత చూడండి. పాత పేజీల్లో పిల్లలు ఎక్కువమంది జూన్, జులై నెలల్లోనే పుట్టారు! బడి తెరిచేది అప్పుడు కదా, మేస్టారు పిల్లని ఎగాదిగా చూసి ఒక ఏడాది వేసి, ఆ నెలే రాసేసేవారు. పేర్లూ అంతే. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టుకునే ఇళ్లు మా దగ్గర చాలా ఉన్నాయి. ఆ పేరు నోరు తిరగలేదో, నాగరికంగా లేదనుకున్నారో, బళ్లో చేరేసరికి పిల్ల లక్ష్మో పార్వతో అయిపోయేది. రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, రిజిస్టరులో ఒకటి.

దీని దెబ్బ పిల్లకి పద్దెనిమిదేళ్లు దాటాక తగులుతుంది. ఉద్యోగం దరఖాస్తు దగ్గరో, స్కాలర్‌షిప్ దగ్గరో. పదో తరగతి మార్కుల జాబితాలో పడిన తేదీని మార్పించడం అంత సులువు కాదు. తొమ్మిదిలో ఉండగానే, నామినల్ రోల్స్ పంపకముందే, ప్రతి పిల్ల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంట్లో పిలిచే పేరు ఏదో అడిగి, అదే ఉండనివ్వండి.

3. ధవళేశ్వరం, హైదరాబాదు, పర్లాకిమిడి

ఆడపిల్లల చదువు గురించి మైకు పట్టుకున్నవాళ్లు వీరేశలింగం గారితో మొదలుపెడతారు. ధవళేశ్వరంలో 1874లో ఆయన బాలికల పాఠశాల పెట్టారు, అది నిజంగా గొప్ప సంగతే. నాకు మాత్రం మాడపాటి హనుమంతరావు గారి బడి కథ ఎక్కువ పనికొచ్చింది. 1928లో హైదరాబాదు నారాయణగూడలో ఆయన తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల బడి పెట్టారు. నిజాం రాజ్యంలో పైచదువు ఉర్దూలో. తెలుగులో చెప్పే బడికి అక్కడి విశ్వవిద్యాలయం గుర్తింపు దొరకలేదు. చివరికి పూనాలో కార్వే గారు పెట్టిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకున్నారు. సొంత భాషలో చదువుకోవడానికి తెలుగు ఆడపిల్లలకి పూనా నుంచి కాగితం రావలసి వచ్చింది.

ఈ సంగతి చెబితే మా టీచర్లంతా ‘అయ్యో’ అంటారు. ఇంట్లో సవర మాట్లాడే ఒకటో తరగతి పిల్ల చేతిలో తెలుగు వాచకం పెట్టి ‘చదువు’ అన్నప్పుడు మాత్రం ఆ ‘అయ్యో’ ఎవరి నోటా రాదు.

ఆ ‘అయ్యో’ నోట వచ్చినాయన ఒకరున్నారు. పర్లాకిమిడిలో మేస్టరీ చేసిన గిడుగు రామమూర్తి గారు (1863–1940). వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా, ఆయన పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవంగా లోకానికి తెలుసు. అంతకుముందే ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, చేతి డబ్బు పెట్టి బళ్లు నడిపారు. ఆ పుస్తకాలను 1911లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేయించి, ప్రతిఫలం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఆగస్టు 29న పద్యాల పోటీలు పెట్టేటప్పుడు మా ఏజెన్సీ బళ్లలోనైనా ఈ మాట చెప్పాలి.

4. పెద్ద పిల్లే మొదటి టీచరు

సవర ముండా కుటుంబం భాష. తెలుగుతో చుట్టరికం లేదు. జాతాపుల పిల్లలం చాలావరకు తెలుగే మాట్లాడతాం కాబట్టి ఒకటో తరగతిలో మేం ముందుంటాం, సవర పిల్లలు నోరెత్తరు. టీచరు ‘మొద్దు’ అని రాసేస్తుంది. ఆ మొద్దు పిల్లే సాయంత్రం గెడ్డ దగ్గర తోటి పిల్లలతో గలగలా మాట్లాడుతుంటే వినండి, మీకే తెలుస్తుంది.

2004 నుంచి మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, చిన్న తరగతులకి వాచకాలు తయారుచేశారు. సవర వాటిలో ఒకటి. మంచి పుస్తకాలు. ఇల్లు, కొండ, పోడు, పండగ అన్నీ పిల్ల ఎరిగినవే. కానీ పుస్తకం బీరువాలో ఉండి, దాన్ని చదివి చెప్పే మనిషి లేకపోతే ఏం లాభం? సవర వచ్చిన టీచరు లేని ఏడాది నేను చేసిన ఏర్పాటు ఇది. ఐదో తరగతి సవర పిల్లలు రోజూ మొదటి పీరియడు ఒకటో తరగతిలో కూర్చునేవారు. టీచరు తెలుగులో చెప్పింది వాళ్లు సవరలో చెప్పేవారు. ఒక పిల్ల అయితే చెప్పి ఊరుకునేది కాదు, చిన్నపిల్ల వేలు పట్టుకుని అక్షరం మీద తిప్పుతూ, అర్థమయ్యిందా లేదా అని కళ్లలోకి చూసేది. బీఈడీలో మాకెవరూ అలా చూడాలని నేర్పలేదు. ‘వీళ్ల చదువు పాడవదా?’ అని తనిఖీకి వచ్చిన అధికారి అడిగారు. చివరికి ఆ పిల్లలకే తెలుగు బాగా వచ్చింది. రెండు భాషల మధ్య రోజూ రాకపోకలు చేసేవాళ్లకి రాక ఎవరికొస్తుంది?

5. గడియ

స్నానాల గది తలుపుకి లోపల గడియ ఉందా, అది పడుతుందా? లోపల బల్బు వెలుగుతోందా? నీళ్లు వస్తున్నాయా, పైపు ఎండిపోయి పిల్లలు చీకట్లో గెడ్డకి పోతున్నారా? ఏడో తరగతి దాటిన పిల్ల బడి మానేయడానికి చదువు కష్టమవడం కంటే ఇవే ఎక్కువ కారణాలు. నెలసరికి పాత గుడ్డలు ఆరేసుకునే చోటు లేక ఇంటికి పోయి, ఇక రాని పిల్లలు నాకు తెలుసు. 2021లో ‘స్వేచ్ఛ’ పేరుతో ప్రభుత్వం బళ్లలో శానిటరీ నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. సంతోషం. వాడినవి పారేసే డబ్బా కూడా ఉండాలని అడగండి. తాగే నీళ్లు మాత్రం మీరే ముందు తాగండి, పిల్లల ట్యాంకులోంచే, పిల్లల గ్లాసుతోనే.

6. బడికి అసలు పరీక్ష పండగ సెలవులు

మార్చిలో జరిగేది పిల్లలకి పరీక్ష. బడికి పరీక్ష జనవరిలో.

కొండ మీద పని ఎప్పుడు ఏది ఉంటుందో తెలియని హెచ్‌ఎం మా బళ్లలో నెగ్గుకురాలేదు. సంక్రాంతి వెళ్లగానే కొండచీపుర్ల కోత, కందులు. కందికొత్త పండగ చేసేదాకా పిల్లని కదలనివ్వరు, చెయ్యకుండా కొత్త కంది నోట్లో పెట్టరు కూడాను. ఆ తర్వాత చింతపండు. ఎండలు ముదిరితే జీడిపిక్కలు ఏరడం. బడి తెరిచే వేళకి అనాస పళ్లు సంతకి మొయ్యాలి. అన్నిటికీ చేతులు కావాలి, ఆడపిల్ల చేతులు మరీ కావాలి.

ఒకసారి సీతంపేట సంతలో ఒక పిల్ల తండ్రి చీపురు కట్టలు దించుకుంటూ కనిపించాడు. పిల్ల ఎనిమిదో తరగతి, సెలవులయ్యాక రాలేదు.

“గుంటని అంపుతాన్లే మేడమ్, సీపుర్ల కోత అయిపోనీ.”

“సీపుర్లయ్యాక సింతపండు, సింతపండయ్యాక పిక్కలు. నాకు తెల్దేటి?”

నవ్వేశాడు. నవ్వి, కాసేపు కట్టలు సర్ది, అప్పుడు అసలు మాట చెప్పాడు. “ఆళ్లమ్మకి జొరం తగ్గనేదు. సిన్నోడిని ఎవులు సూస్తారు?”

కోత కాదు, చీపుర్లు కాదు. ఇంట్లో రెండేళ్ల తమ్ముడు. ఆ గూడలో అంగన్‌వాడీ ఉంది గాని, పొద్దున్నే ఆలస్యంగా తెరుస్తున్నారు, అప్పటికే వీళ్లు కొండకి పోతారు. అంగన్‌వాడీ అమ్మతో మాట్లాడాం, తల్లిని పీహెచ్‌సీకి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాం. పిల్ల వచ్చింది. బడి మానేసిన ప్రతి పిల్ల వెనకా ఇలాంటిదే ఒక చిన్న కారణం ఉంటుందని అనను. కానీ తండ్రి మొదట చెప్పే కారణం ఎప్పుడూ అసలుది కాదు. రెండోది వినేదాకా అక్కడే నిలబడాలి.

ఇంకొన్ని కిటుకులు. సెలవులు ముగిసిన వారంలోపే గూడకి వెళ్లండి, నెల దాటితే వెళ్లినా లాభం లేదు. అటెండరును పంపకండి, మీరే వెళ్లండి. పగలు వెళితే ఇళ్లకి తాళాలే ఉంటాయి, సాయంత్రం వెళ్లండి. చోడి అంబలి ఇస్తే తాగండి. తండ్రి కంటే నాయనమ్మతో ఎక్కువ మాట్లాడండి. ఒక గూడ నుంచి ఒకే పిల్ల ఉంటే జారిపోతుంది, ముగ్గురుంటే ఒకరినొకరు లాక్కొస్తారు. అందుకని అడ్మిషన్ల అప్పుడే ఒక్కో గూడ నుంచి జట్టుగా చేర్చుకోండి.

7. పెళ్లి మాట వచ్చినప్పుడు

కింద నుంచి వచ్చే ఉపన్యాసకులు ‘ఆడపిల్ల భారం కాదు’ అని బోర్డులు పట్టించి ఊరేగింపు చేయిస్తారు. మా పెద్దలు వింతగా చూస్తారు. ఆడపిల్ల భారమని కొండ మీద ఎవరన్నారు? ఓలి ఇచ్చేది మగపెళ్లివారు. పిల్ల వెళ్లిపోతే పనిచేసే చెయ్యి పోతుందని ఇక్కడి తండ్రి బాధ. కట్నాల ఊళ్లకి రాసిన నినాదం తెచ్చి ఓలి ఊళ్లో చదివితే ఎవరికి ఎక్కుతుంది? (ఉద్యోగం వచ్చిన మా కుర్రాళ్లు కొందరు ఇప్పుడిప్పుడే కట్నం రుచి మరుగుతున్నారు. అది వేరే వ్యాసం.)

ఇక్కడ చిన్న వయసు పెళ్లిళ్లలో తల్లిదండ్రులు బలవంతంగా చేసేవి కొన్నే. పిల్లా పిల్లాడూ ఇష్టపడి వెళ్లిపోయేవి చాలా ఉంటాయి. 2006 చట్టం ప్రకారం పద్దెనిమిది నిండాలని గోడ మీద రాస్తే సరిపోదు. పదిహేనేళ్ల పిల్లకి తన ఒంటి గురించి, కాన్పు గురించి, ఆ వయసులో గర్భం వస్తే ఏమవుతుందో ఏఎన్‌ఎం చేత సూటిగా చెప్పించాలి. సిగ్గుపడితే మన ఉద్యోగం మనం చేయనట్టే.

వెళ్లిపోయిన పిల్ల పేరు మర్నాడే కొట్టేయకండి. పెళ్లయిన పిల్ల తిరిగి వస్తానంటే ‘మిగతావాళ్లు చెడిపోతారు’ అని గేటు దగ్గర ఆపేసిన బడి ఒకటి చూశాను. ఏం చెడిపోతారట? పుస్తెలున్న పిల్ల తొమ్మిదో తరగతి బెంచీ మీద కూర్చుంటే మిగతావాళ్లకి తెలిసేది పెళ్లి ఎంత కష్టమో. హాస్టల్లో వీలు కాకపోతే ఓపెన్ స్కూల్లో కట్టించండి.

8. జ్వరం

వానాకాలం జ్వరాన్ని ‘మామూలు జ్వరం’ అనకండి. మా కొండల్లో మామూలు జ్వరం లేదు. రక్తం తీయించాకే మాత్ర. ఎప్పుడూ నీరసంగా, కీళ్ల నొప్పులంటూ, కళ్లు పచ్చగా ఉండే పిల్లని బద్ధకమని తిట్టకుండా సికిల్‌సెల్ పరీక్షకి పంపండి. 2023 జులైలో కేంద్రం దీనికోసం జాతీయ మిషనే పెట్టింది, పరీక్ష అడిగితే చేస్తారు. ఇంటికి పంపేసి చేతులు దులుపుకోవడం మాత్రం వద్దు. ఇల్లు రోడ్డు లేని కొండ మీద ఉంటుంది, అక్కడినుంచి ఆస్పత్రికి డోలీయే గతి.

9. వంటమ్మకి అన్నీ తెలుసు

ఏ పిల్ల అన్నం వదిలేస్తోందో, ఏ పిల్ల రెండోసారి పెట్టించుకుని దాచి చెల్లెలికి ఇస్తోందో వంటమ్మకే తెలుస్తుంది. స్టాఫ్ మీటింగుకి ఆమెని పిలవండి, కుర్చీ వేయండి. కొందరు టీచర్లు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

10. కప్పులూ శిఖరాలూ

విజయాలంటే నాకు పడదనుకోకండి. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకి 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరి లంబాడా పిల్ల, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. ఆ వార్త వచ్చాక మా పిల్లలు అడిగింది ఒకటే: “మేడమ్, ఆ కొండకీ మన కొండకీ తేడా ఏటి? మేం రోజూ ఎక్కుతాం గదా.” ఎత్తు తేడా చెప్పాను, మంచు గురించి చెప్పాను. ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఆటల్లో మా బడి కప్పులు తెచ్చిందంటే సగం కారణం ఈ మొండితనమే.

2022 జులై 25న ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. రిటైరైనా టీవీ చూడ్డానికి బడికి వెళ్లాను. మన పక్క రాష్ట్రం, సంతాలీ ఇల్లు, చదువు కోసం ఊరు వదిలి భువనేశ్వర్‌లో ఆడపిల్లల హైస్కూల్లో హాస్టలు పిల్లగా చదివారు. తన ఊరి నుంచి కాలేజీ గడప తొక్కిన తొలి ఆడపిల్ల. కొన్నాళ్లు టీచరు పని కూడా చేశారు. రాష్ట్రపతి కావడం మా పిల్లలకి అంతగా ఎక్కలేదు, హాస్టల్లో ఉన్నారంటే మాత్రం చెవులు రిక్కించారు. హాస్టలు అన్నం ఆవిడా తిన్నారా అని అడిగింది ఒక పిల్ల.

11. పది అయిపోయాక

గురుకులాల ఆలోచన 1971 నవంబరులో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది, మగపిల్లలతో. వెనకబడిన మండలాల ఆడపిల్లల కోసమే కేంద్రం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పథకం తెచ్చింది 2004లో. మొదట ఆరు నుంచి ఎనిమిది వరకే. ఎనిమిది అయ్యాక పిల్ల ఎక్కడికి పోవాలో ఆ కాగితాల్లో లేదు. పైతరగతులు తర్వాత్తర్వాత కలిపారు. ఆడపిల్లల విషయంలో బడి ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే కడతారని నాకో అనుమానం. ఐదు దాకా కడితే ఆరుకి జారిపోతారు, పది దాకా కడితే ఇంటరుకి.

మా బళ్లలో చదివిన పిల్లలు చాలామంది నర్సులయ్యారు, గ్రామ సచివాలయాల్లో చేరారు, పోలీసులయ్యారు. టీచర్లయినవాళ్లని చూస్తే నాకు మరీ ముచ్చట, ఎందుకంటే వాళ్లలో సవర వచ్చినవాళ్లున్నారు. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషను చెల్లదని తీర్పు. న్యాయం సంగతి పెద్దలు తేలుస్తారు. ఒకటో తరగతి సంగతి నేను చెబుతాను: పిల్ల భాష తెలిసిన మనిషి గదిలో ఉండాలి. రిజర్వేషనుతో వస్తారో, భాష పరీక్ష పెట్టి తెస్తారో, ఏదో ఒక దారి చూడాలి. అయిదేళ్లు దాటినా ఈ దారి తేలకపోవడం నాకు మింగుడుపడదు.

మీ చేతిలో ఉన్నది మీరు చేయండి. పది ఫలితాలొచ్చిన రోజున స్వీట్లు పంచేసి సెలవు పెట్టకండి. పాసైన ప్రతి పిల్లా ఇంటరులోనో, పాలిటెక్నిక్‌లోనో, నర్సింగులోనో చేరేదాకా ఆ సంవత్సరం పూర్తికాలేదనుకోండి. కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఏప్రిల్‌లోనే సిద్ధం చేయించండి, జూన్‌లో మీసేవ దగ్గర క్యూ ఉంటుంది. టీసీ, స్టడీ సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు తీసి, ఒకటి పిల్లకిచ్చి ఒకటి మీ బీరువాలో పెట్టుకోండి. వానలకి పిల్ల సెట్టు తడిసిపోతుంది. పాలకొండలోనో, శ్రీకాకుళంలోనో కాలేజీలో సీటొస్తే మొదటిసారి ఒక టీచరుని తోడు పంపండి, హాస్టలు గది, బస్సు దిగే చోటు, అక్కడి వార్డెను ఫోను నంబరు చూసుకుని రమ్మనండి. చేరిన నెలలోపు ఒకసారి ఫోను చేయండి. ఎత్తకపోతే మళ్లీ చేయండి.